శాలువా కప్పే ముందు

నేను పనిచేసే ఊరి పేరులోనే బిరుదు ఉంది. విరుదునగర్‌లోని ‘విరుదు’, మన ‘బిరుదు’ ఒక్కటే మాట. ఆ పేరు ఎలా వచ్చిందో అక్కడి పెద్దలు ఒక కథ చెబుతారు. పూర్వం ఒక వీరుడు ఊరూరా తిరిగి, ఎదురైన వాళ్లనల్లా గెలిచి, గెలిచిన బిరుదులన్నీ జెండాల్లా ఎత్తించుకుని ఇక్కడికి వచ్చాడట. ‘నాతో తలపడే మగవాడు ఈ ఊళ్లో ఉన్నాడా’ అన్నాడట. ఉన్నాడు. వాడు ఈ మహావీరుణ్ణి పడగొట్టి, ఆ బిరుదులన్నీ నరికి పారేశాడు. అందువల్ల ఈ ఊరు విరుదుకళ్‌వెట్టి అయింది, తర్వాత విరుదుపట్టి అయింది. 1923లో పురపాలక సంఘం వారు విరుదునగర్ అని మార్చారు.

కథ బాగానే ఉంది. కానీ ఓడిన వాడి బిరుదులతో ఊరికి పేరొచ్చింది గాని, గెలిచిన వాడి పేరు ఏమిటో చెప్పే వాళ్లు నాకు ఇంతవరకూ కనబడలేదు. బ్యాంకుకు వచ్చే ముసలి వర్తకులను ఎంతమందినో అడిగాను. ‘ఎవరో ఈ ఊరివాడే అమ్మా’ అంటారు. అంతే.

కోవిల్‌పట్టిలో మా ఇల్లు. విరుదునగర్‌లో ఉద్యోగం. మధ్యలో సాత్తూరు. యాభై కిలోమీటర్లు ఉంటుంది. పొద్దున రైల్లో పోయి రాత్రికి తిరిగి రావడం అలవాటైపోయింది. విరుదునగర్ అంటే మిరపకాయలు, నూనె, పప్పుల బజారు. అక్కడి వర్తకుడు మూట విప్పి, గుప్పెడు సరుకు అరచేతిలో పోసుకుని, వాసన చూసి, ఒక గింజ కొరికి చూడందే ధర చెప్పడు. అదే వర్తకుణ్ణి సాయంత్రం ఏదో సభకు పిలిచి చేతిలో శాలువా పెట్టండి. ఎవరికి, ఎందుకు అని అడగకుండా కప్పేస్తాడు. సరుకు చూడనే చూడడు.

ఇది ఆయన తప్పని అనను. మన సభలు జరిగే తీరే అది. మన సంఘం సంగతే తీసుకోండి. ఉగాది సభలో ఏటా నలుగురైదుగురికి సన్మానం చేస్తాం. తమిళంలో పొన్నాడై అంటారు, మనం శాలువా అంటాం, జరీ మాత్రం ఒక్క కొట్టుదే. దాంతో పాటు ఒక కేడయం, అంటే గాజుతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన షీల్డు. మైకు దగ్గరి ఆయన ‘కళాపోషకులు, దానశీలి, మృదుభాషి, మన జాతి గర్వించదగ్గ బిడ్డ’ అని చదువుతాడు. మరుసటి ఏడు ఆ కాగితమే తీసి పేరు మార్చి చదివినా ఎవరికీ తేడా తెలియదు. ఆయన ఏం చేశాడన్నది మాత్రం ఆ కాగితంలో ఉండదు. ఇక శాలువాల సంగతి. మా ఇంట్లో బీరువా పై అరలో పదకొండు ఉన్నాయి. మా వారు బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, అప్పటివి. అందులో రెండు ఇస్త్రీ చేసి మళ్లీ వేరే సభల్లో వేరే వాళ్లకు కప్పాం. ఇలా ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది, కాదనకండి.

ఊళ్లల్లో నాటకాల తీరు వేరు. మా చిన్నప్పుడు కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్లు వస్తే కట్టబొమ్మన్ నాటకం ఉండాల్సిందే. రాత్రి పదింటికి మొదలైతే తెల్లవారి కోడి కూసేదాకా. రాజపార్టు వేసేవాడు పగలంతా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చేవాడు. ముఖానికి రంగు, అట్ట కిరీటం, చెక్క కత్తికి వెండి కాగితం. జాక్సన్ దొర వేషానికి ఎవరిదో పాత కోటు. అయినా కత్తి దూసి నిలబడితే మాకు వొళ్లు జలదరించేది. మధ్యలో నాటకం ఆపి, మైకులో ‘ఫలానా ఊరు ఫలానా వారు కట్టబొమ్మన్ వేషధారికి పది రూపాయలు అన్బళిప్పు’ అని చెప్పేవారు. అన్బళిప్పు అంటే ప్రేమతో ఇచ్చేది. ఆ నోటు పిన్నుతో అంగీకి గుచ్చేవారు. తెల్లారేసరికి రాజుగారి గుండె మీద నోట్ల తోరణం ఉండేది. బఫూనుకూ వచ్చేది. హార్మోనియం ఆయనకు ఒకటో రెండో. తప్పెట కొట్టేవాడికి, పెట్రోమాక్సు దీపానికి రాత్రంతా గాలి కొట్టినవాడికి ఎవరూ గుచ్చగా నేను చూడలేదు. వాళ్లకు గుచ్చడానికి అంగీ కూడా ఉండేది కాదులెండి.

ఈ పత్రిక దూరపు ఊళ్లకూ వెళుతుంది కనుక కట్టబొమ్మన్ గురించి రెండు మాటలు. పాంచాలంకురిచ్చి పాళెగాడు. వాళ్లది రాజకంబళ నాయకర్ల వంశం, ఇంటి భాష తెలుగు. ‘గెట్టిబొమ్ము’ అన్న తెలుగు మాటే కట్టబొమ్మన్ అయిందంటారు. ఈస్టిండియా కంపెనీకి కప్పం కట్టనన్నాడు. 1799లో మేజర్ బానర్‌మన్ కోట మీదికి వచ్చాడు. అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు. కంపెనీ పక్షాన నిలిచిన ఎట్టయపురం పాళెగాడికి పాంచాలంకురిచ్చి భూముల్లో వాటా బహుమానంగా దొరికింది. అదీ ఒక అవార్డే. దాని ఫలితంగా ‘ఎట్టప్పన్’ అన్న పేరు తమిళంలో ద్రోహికి పర్యాయపదమై కూర్చుంది. ఇది పూర్తి న్యాయం కాదని నా అభిప్రాయం. ముత్తుస్వామి దీక్షితులు చివరి రోజులు గడిపింది ఆ ఎట్టయపురంలోనే. సుబ్బరామ దీక్షితులు రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో తెలుగు లిపిలో అచ్చయిందీ అక్కడే. సుబ్రహ్మణ్యం అనే పదకొండేళ్ల పిల్లవాడి కవిత్వం విని ‘భారతి’ అని బిరుదిచ్చిందీ ఆ ఊరి పండిత సభే. ఆ ఒక్క బిరుదు మాత్రం మనిషి అసలు పేరునే మింగేసింది.

కయత్తారులో కట్టబొమ్మన్‌ను ఉరి తీసిన చోట, దారిన పోయే వాళ్లు తలా ఒక రాయి వేసి దణ్ణం పెట్టుకుని పోతే, అది గుట్టగా పెరిగిందని చెబుతారు. కమిటీ లేదు, మైకు లేదు. 1959లో శివాజీ గణేశన్ ఆ పాత్రను సినిమాలో వేశారు. మరుసటి ఏడు కైరోలో జరిగిన ఆసియా ఆఫ్రికా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నారు. తర్వాత ఆయనే కయత్తారులో స్థలం కొని 1970లో విగ్రహం పెట్టించారు. వేషం వేసి బహుమతి తీసుకున్నవాడు, ఆ వేషం ఎవరిదో అతనికి తిరిగి కొంత చెల్లించాడన్నమాట. కామర్సు చదివిన దాన్ని కనుక నాకు ఈ జమాఖర్చు చాలా నచ్చుతుంది.

కానీ నా లెక్కలో ఈ కుటుంబానికి దక్కిన అన్నిటికంటే గొప్ప సన్మానపత్రం రాసింది ఒక శత్రువు. కట్టబొమ్మన్ తమ్ముడు ఊమైదురై, సరిగా మాట రాని వాడు. 1801లో పాళయంకోట జైలు నుంచి తప్పించుకుని, కూలిపోయిన కోటను మళ్లీ లేపి, నెలల తరబడి కంపెనీ సైన్యాన్ని నిలబెట్టాడు. ఆ యుద్ధంలో అటు పక్క పోరాడిన జేమ్స్ వెల్ష్ అనే అధికారి, 1830లో లండన్‌లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో ఈ మూగవాడి గురించి రాశాడు. వీరుడు, శూరుడు అని ఊరుకోలేదు. మనిషి ఎలా ఉండేవాడు, సైగలతో జనాన్ని ఎలా నడిపేవాడు, తన వాళ్లు అతన్ని ఎలా దేవుడిలా చూసేవారు అన్నది రాశాడు. కోట పడిపోయిన రోజు శవాల మధ్య కొడుకు కోసం వెతుకుతూ వచ్చిన ఒక తల్లికి, చావుబతుకుల్లో ఉన్న కొడుకు ‘నన్ను వదిలి సామిని కాపాడు’ అన్నాడట. ఆమె ఊమైదురైని ఇంటికి చేర్చి, తెల్లగుడ్డ కప్పి, మశూచితో పోయాడని చెప్పి వెతికే వాళ్లను వెళ్లగొట్టింది. ఇదీ వెల్ష్ రాసిందే. ఆ తల్లి పేరు లేదు. అయినా చేసిన పని ఉంది. అది ఉంది కాబట్టే రెండు వందల ఏళ్ల తర్వాత మనం ఇప్పుడు ఆమె గురించి మాట్లాడుకుంటున్నాం.

ఇక్కడ కొంచెం దూరం పోవాలి. రెండేళ్ల కిందట మా తమ్ముడి కూతురింటికి కాలిఫోర్నియా వెళ్లాను. ఒక శనివారం ‘అత్తా, మన కట్టబొమ్మన్ నాటకంలాంటిది ఇక్కడా ఉంది, రా’ అని ఒక పార్కుకు తీసుకుపోయింది. చూద్దును గదా, గుడారాలు, జెండాలు, ఇనుప కవచాలు తొడుక్కున్న మగవాళ్లు, కొందరు ఆడవాళ్లూ! ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం’ అని ఆ సంస్థ పేరు. 1966 మే 1న బర్క్‌లీలో ఒక ఇంటి పెరట్లో కొందరు విద్యార్థులు సరదాగా కత్తిసాము పోటీ పెట్టుకుంటే మొదలైందట. ఇప్పుడు దేశదేశాల్లో ఉంది. 1600 సంవత్సరానికి ముందు కాలపు బట్టలు కుట్టుకుంటారు, వంటలు వండుతారు, ఆ కాలపు పేరొకటి పెట్టుకుంటారు. ప్రాంతాలను ‘రాజ్యాలు’ అంటారు, ఇరవై ఉన్నాయి. కత్తులు బెత్తంతో చేసినవి. పోటీలో గెలిచినవాడు రాజు, అతను ఎవరి కోసం పోరాడాడో ఆమె రాణి. కొన్ని నెలలే రాజ్యం. తర్వాత మళ్లీ పోటీ. ఇంకో ముచ్చట ఏమిటంటే, దెబ్బ గట్టిగా తగిలిందా లేదా అన్నది కొట్టినవాడు చెప్పకూడదు. తగిలినవాడే ‘తగిలింది’ అని ఒప్పుకుని పడిపోవాలి. మన పాళెగాళ్లు వింటే నవ్వుతారు.

సాయంత్రం కొలువు తీర్చారు. అప్పుడు నేను నిటారుగా కూర్చున్నాను, అది నా శాఖ కనుక. వందిమాగధుడులాంటి ఒకాయన పేరు పిలిచాడు. వెనకాల వరసలో కుర్చీలు మడత పెడుతున్న ఒక లావుపాటి నడివయసావిడ బిత్తరపోయి, చేతులు తుడుచుకుంటూ వచ్చి మోకరిల్లింది. ఆమెకు ముందుగా తెలియదు. ఆమె పోటీల్లో ఎండలో కవచాలతో పోరాడే వాళ్లకు మంచినీళ్లు మోసే మనిషి. చేత్తో రాసి, అంచులకు రంగులు వేసిన ఒక పత్రం చదివారు. అందులో విశేషణాలు తక్కువ. ఏ మైదానంలో, ఎన్నేళ్లుగా, వడదెబ్బ తగిలిన వాళ్లను ఎలా కనిపెట్టి నీడకు చేర్చేదో, అవి ఉన్నాయి. జనం లేచి నిలబడి అరిచారు. ఆమె ఏడ్చింది. నేను కూడా కొంచెం.

ఇది ఎవరు నిర్ణయించారు అని మా అమ్మాయి స్నేహితుడొకణ్ణి పట్టుకుని అడిగాను. అతను ఆ గుంపులో మనిషే. ఓపికగా చెప్పాడు. వాళ్లకు మెట్లు ఉన్నాయి. మొదటిది సొంత చిహ్నం పెట్టుకునే హక్కు. పై మెట్టులో యోధుడికి తెల్ల నడికట్టు, కళలకు లారెల్ ఆకుల దండ, సేవకు పెలికన్ పక్షి గుర్తు. తన రొమ్ము చీల్చి రక్తంతో పిల్లలను పెంచుతుందని పూర్వం నమ్మిన పక్షి అది. ఇచ్చేది రాజూ రాణీ. కానీ వాళ్లు ఎవరిని గమనించగలరు? అందుకని ఎవరైనా సరే, ఇంకొకరి గురించి సిఫారసు ఉత్తరం రాయవచ్చు. నిన్న చేరినవాడైనా రాయవచ్చు. పెద్ద గౌరవాలకైతే, అంతకు ముందు ఆ గౌరవం పొందిన వాళ్లు కూడి మాట్లాడుకుని రాజుకు తమ మాట చెబుతారు. ‘మరి ఎవరూ రాయకపోతే?’ అన్నాను. ‘రాదు. ఏళ్ల తరబడి పనిచేసి ఏమీ రాని వాళ్లు ఉన్నారు. మాలో ఎప్పుడూ వచ్చే ఫిర్యాదు అదే’ అన్నాడు.

నాకు వెంటనే బ్యాంకు గుర్తొచ్చింది. మా మేనేజర్లు మూడేళ్లకొకసారి బదిలీ అవుతారు, వాళ్ల రాజులు కొన్ని నెలలకే. ఫైలులో కాగితం లేకపోతే, జరిగింది జరగనట్టే. మేము పదివేల రూపాయల అప్పు ఇవ్వాలన్నా ఒకరు పోయి చూసి, చూసింది రాసి, ‘ఇందువల్ల ఇవ్వవచ్చు’ అని సంతకం పెట్టాలి. ఇంత జాగ్రత్త డబ్బుకు ఉంది. గౌరవానికి లేదు.

మన ప్రభుత్వ పద్ధతి కొంత మేలు. తమిళనాడులో జిల్లా స్థాయిలో కళాకారులకు వయసును బట్టి ఐదు రకాల బిరుదులు ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు కలై ఇళమణి, ముప్పై ఐదు దాకా కలై వళర్మణి, యాభై దాకా కలై సుడర్మణి, అరవై ఐదు దాకా కలై నన్మణి, ఆ పైన కలై ముదుమణి. ముసలివాళ్లు పిల్లలతో పోటీ పడక్కర్లేదు, ఇది మంచి ఆలోచన. కానీ దరఖాస్తు కళాకారుడే పెట్టుకోవాలి. అనుభవ ధ్రువపత్రాలు, ఫోటోలు జతచేయాలి. ‘నేను గొప్పవాణ్ణి, ఇవిగో ఆధారాలు’ అని తన చేత్తో తనే రాసుకోవాలి. చదువు రాని వాడు ఏం చేస్తాడు?

మన కోవిల్‌పట్టి పక్కనే ఇడైసేవల్ ఉంది. ఆ ఒక్క పల్లె నుంచి ఇద్దరికి సాహిత్య అకాడమీ బహుమతులు వచ్చాయి. ఇద్దరి ఇంటి భాషా తెలుగే, రాసింది తమిళం. కి. రాజనారాయణన్‌కు 1991లో. ఆయన 2021లో పోయారు. కు. అళగిరిసామికి 1970లో, ఆయన పోయాక. అళగిరిసామి పుస్తకం పేరే ‘అన్బళిప్పు’. ఆ పేరుతో ఉన్న కథ తమిళం చదివే వాళ్లందరికీ తెలుసు. ఒకాయన తన దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇద్దరికి పేరు రాసి డైరీలు ఇస్తాడు. మూడో వాడు సారంగన్. వాడికి ఇవ్వలేదు. వాడు తనే ఒక డైరీ తెచ్చి, ‘ప్రియమైన సారంగనుకు అన్బళిప్పు అని రాయండి’ అంటాడు. దరఖాస్తు ఫారం చూసినప్పుడల్లా నాకు ఆ పిల్లవాడే గుర్తొస్తాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గత ఏడు మన సంఘం సన్మాన కమిటీలో నన్ను వేశారు. పదకొండుగురు మగవాళ్లు, నేను. మొదటి సమావేశంలోనే ఒక మాట పెట్టాను. ఎవరికి సన్మానం చేయాలన్నా, వారు ఏం చేశారో ఒక పేజీ రాసుకు రావాలి, సభలో చదవడానికి విశేషణాలు లేని పేజీ. అందరూ ‘భేష్, ఆఫీసరమ్మ మంచి మాట చెప్పింది’ అన్నారు. ఆ తర్వాత, ఆ పేజీ నేనే రాసుకు వచ్చాను, దేవరాట్టానికి ఉరుమి వాయించే ఒక పెద్దాయన గురించి. అప్పుడు భేష్ అన్న వాళ్లు తగ్గారు.

దేవరాట్టం మీకు తెలుసు. మన రాజకంబళం వారి ఆట. తలపాగా, కాలి గజ్జెలు, రెండు చేతుల్లో చేతిరుమాళ్లు. పాట ఉండదు, వాయిద్యమే. ఆ వాయిద్యాన్ని దేవదుందుభి అంటారు, ఉరుమి జాతిది. ఒక పక్క వంకర పుల్లతో రాస్తే పులి మూలిగినట్టు ఉంటుంది. రెండో పక్క దెబ్బ. పాంచాలంకురిచ్చిలో 1974లో ప్రభుత్వం కట్టించిన స్మారక కోట దగ్గర మే నెలలో ఉత్సవం జరిగితే ఈ ఆట ఉంటుంది. బడి పిల్లలూ ఇప్పుడు నేర్చుకుంటున్నారు. ఆడేవాళ్లకు మన సంఘం చాలాసార్లు శాలువాలు కప్పింది. ఫోటోల్లో ఉరుమి ఎప్పుడూ అంచున, సగం కోసేసి ఉంటుంది.

నేను ఆయన ఇంటికి వెళ్లాను. అప్పుకు ముందు పొలం చూసి వచ్చినట్టే, నోటు పుస్తకం పట్టుకుని. ఊరు దాటాక, చెరువు కట్ట కింద, విడిగా ఉన్న వీధి. ఆయన కట్ట మీద కూర్చుని ఉన్నాడు. నేను తమిళంలో మొదలుపెడితే ఆయన తెలుగులో జవాబు చెప్పాడు. ‘కూర్చోమ్మా. మా ఇంట్లో మాట ఇదేనమ్మా, మా తాత కాలం నించీ’ అన్నాడు. మన సంఘం పిల్లలకు వేసవిలో తెలుగు తరగతులు పెట్టి, అక్షరానికి బిస్కెట్టు ఇస్తున్నాం. ఆయన మనవడు నా ముందే గడగడా మాట్లాడాడు. మన సభ్యుల పుస్తకంలో మాత్రం ఆ వీధి నుంచి ఒక్క పేరూ లేదు.

రాసుకున్నది ఇది. పద్నాలుగో ఏట తండ్రి దగ్గర ఉరుమి పట్టాడు. నలభై ఆరేళ్లుగా వాయిస్తున్నాడు. కొత్తగా అడుగు నేర్చే పిల్లల కోసం దెబ్బను నిదానం చేసి, వాళ్లకు తెలియకుండానే వేగం పెంచుతాడు. పెద్ద ఆటగాడు మోకాలు నొప్పితో కుంటితే, ఆ అడుగు రాకముందే వరస మార్చి ఆయన పరువు నిలబెడతాడు. మూడు పల్లెల్లో ఎవరి పెళ్లికీ, చావుకీ రానని అనలేదు. మద్రాసులో ఆడి వచ్చిన జట్టుకు మూడు నెలల ముందు నుంచీ రోజూ రాత్రి సాధన చేయించాడు. తను మాత్రం ఆ రైలు ఎక్కలేదు, టిక్కెట్లు చాలలేదన్నారు.

రెండో సమావేశంలో ఇది చదివాను. కోశాధికారి గొంతు సవరించుకుని, ‘అక్కా, బాగుంది. కానీ ఆయన మన సభ్యుడు కాడే’ అన్నారు. ‘మన భాష వాడే కదా’ అన్నాను. ఇంకొకరు, మంటపానికి ఫ్యాన్లు ఇచ్చిన పెద్దమనిషి ఈసారి వరసలో ఉన్నారని గుర్తుచేశారు. అదీ నిజమే. మూడో ఆయన, ‘అక్కడికి పోయి ఇచ్చి వద్దాం. వేదిక మీద అందరి పక్కనా కూర్చోబెడితే...’ అని ఆపేశారు. ఆ వాక్యం ఎవరూ పూర్తి చెయ్యలేదు. కాఫీ వచ్చింది. మినిట్స్ పుస్తకంలో అది ఎక్కలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మాట్లాడింది, ఎవరూ అనుకోని మనిషి. దేవరాట్టంలో ముందు నిలబడి ఆడే పెద్దాయన మన కమిటీలోనే ఉన్నారు. ఎప్పుడూ మాట్లాడరు, కాఫీ తాగి వెళ్లిపోతారు. ‘అమ్మా, మోకాలు సంగతి మీకు ఎవరు చెప్పిందీ?’ అన్నారు. ఆయనే చెప్పాడన్నాను. కాసేపు నేల చూశారు. ‘నాకు ఇరవై శాలువాలు ఉన్నాయి. వాడు లేక ఒక్క అడుగూ లేదు. వాడికి కుర్చీ వేదిక మీద లేకుంటే నాదీ వద్దు’ అన్నారు. ఆ తర్వాత చర్చ పెద్దగా లేదు. ఇష్టం లేని వాళ్లు ఇద్దరు ఉన్నారు. వాళ్లు సభకు రాలేదు. అది వాళ్ల ఇష్టం.

ఫ్యాన్ల పెద్దమనిషికీ ఒక పేజీ కావాలి కదా. ఆయన దగ్గరికీ నోటు పుస్తకం పట్టుకుని వెళ్లాను. ఆయన నవ్వి, ‘అమ్మా, పన్నెండు ఫ్యాన్లు, బిల్లు మొత్తం ఇంత, అది చదవండి చాలు. దానశీలి గీనశీలి వద్దు. ప్రతి ఏడూ వింటుంటే నాకే సిగ్గుగా ఉంది’ అన్నారు. రెండు వాక్యాల సన్మానపత్రం. సభలో అన్నిటికంటే గట్టిగా చప్పట్లు దానికే పడ్డాయి. చైత్రమాసపు ఉక్కలో అందరికీ ఫ్యాన్లు నెత్తి మీదే తిరుగుతున్నాయి మరి.

ఉరుమి పెద్దాయన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. పేజీ నేనే చదివాను. మోకాలు దగ్గరికి వచ్చేసరికి పెద్ద ఆటగాడు తలూపుతూ చెయ్యెత్తి ‘నిజం’ అన్నట్టు చూపారు. జనం నవ్వారు, ఆ నవ్వులో ఎగతాళి లేదు. శాలువా కప్పాక మైకు ఇచ్చాం. రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాడనుకున్నాం. ఆయన మైకును ఉరుమి పుల్లలా పట్టుకుని, ‘అమ్మ చదివింది అంతా జరిగిందే. ఒకటి దాంట్లో లేదు. తోలు నానబెట్టేదీ, ఆరబెట్టేదీ, వాన పట్టినప్పుడు పొయ్యి దగ్గర కాచేదీ నా ఇంటామె. మంచి తోలు లేంది నా చెయ్యి ఏం పలుకుతుంది? ముప్పై ఎనిమిదేండ్లుగా ఆమే చేస్తా ఉండాది. దాన్నీ రాయండి’ అన్నాడు.

ఆమె కింద, తలుపు దగ్గర నిలబడి ఉంది. మూడో వరసలో ఎవరో లేచి కుర్చీ ఇచ్చారు. కూర్చోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది.

పత్రానికి అప్పటికే ఫ్రేము కట్టించేశాం. సభ అయ్యాక ఫ్రేము వెనక మేకులు ఊడదీసి, కాగితం బయటికి తీసి, కింద ఆ వాక్యం పేరుతో సహా చేత్తో రాశాను. బ్యాంకులో దిద్దుబాటు ఏది చేసినా పక్కన పూర్తి సంతకం ఉండాలి, లేకపోతే చెల్లదు. అధ్యక్షులు, పెద్ద ఆటగాడు, నేను, ముగ్గురం సంతకాలు పెట్టాం. మేకులు మళ్లీ కొట్టడానికి కోశాధికారిగారే సుత్తి తెచ్చారు.

వచ్చే ఉగాది సన్మానాలకు సిఫారసులు సంక్రాంతిలోగా సంఘం చిరునామాకు పంపవచ్చు. రాసేవారు సభ్యులు కానక్కర్లేదు, రాయించుకునేవారూ కానక్కర్లేదు. ఒక్క పేజీ, ఏం చేశారన్నది మాత్రమే. ఇప్పటికి నాలుగు వచ్చాయి. వాటిలో రెండు, రాసిన వారు తమ గురించి తామే రాసుకున్నవి.